కాలువ మీద లస్కరు: కణాల పెరుగుదలను అదుపుచేసే ఒక జన్యువు కథ

(మహాసభల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట. నేను వైద్యుణ్ణి కాను. చాలా ఏళ్ళుగా ప్రయోగశాలలో గాజు పళ్ళేల్లో కణాలను పెంచుతూ, అవి ఎందుకు పెరుగుతాయి, ఎప్పుడు ఆగుతాయి అని చూస్తూ కూర్చునేవాణ్ణి. రోగికి మందు రాసే అర్హత నాకు లేదు. ఈ రోజు మీకు ఒక జన్యువు కథ చెబుతాను. అంతకంటే ముందు, ఆ కథ చెప్పవలసిన అవసరం నాకెందుకు వచ్చిందో చెప్పాలి.

కొన్నాళ్ళ క్రితం ఒక ఆదివారం ఉదయం తెనాలి నుంచి మా బావగారు ఫోన్ చేశారు. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పేపర్లో వచ్చిన ప్రతి సైన్సు వార్తనూ కత్తిరించి దాచే అలవాటు ఆయనది. "ఏమోయ్, క్యాన్సర్ కణాల దూకుడు తగ్గించే జన్యువు ఒకటి ఉందని పేపర్లో వేశారు. నువ్వు పనిచేసింది కూడా ఇలాంటి వాటి మీదే కదూ?" అన్నారు. అవునన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగారు: "అయితే ఆ జన్యువు మీ అక్కలో లేదంటావా?"

మా పెద్దక్కయ్య 2010లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది.

"ఫోన్లో తేలేది కాదు బావగారూ, ఈసారి వచ్చినప్పుడు కూర్చుని చెబుతాను" అన్నాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడు వాళ్ళ వీధి అరుగు మీద కూర్చుని ఆయనకు చెప్పిందే ఈ రోజు మీకు చెప్పబోతున్నాను.

పెరగమని చెప్పేదెవరు?

మన శరీరంలో ఏ కణమూ తన ఇష్టప్రకారం పెరగదు. పెరగమని బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు మోసుకొచ్చే చిన్న ప్రోటీన్లను వృద్ధి కారకాలు అంటారు. వీటి సంగతి లోకానికి తెలిసిన తీరు తమాషాగా ఉంటుంది. 1950లలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించాడు. మామూలుగా ఎలుక పిల్ల కళ్ళు తెరవడానికి పన్నెండు, పద్నాలుగు రోజులు పడుతుంది. ఈ పిల్లలు ఏడో రోజుకే కళ్ళు తెరిచాయి. పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఆ రసంలో ఏముందా అని వెతగ్గా దొరికిందే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే ఇ.జి.ఎఫ్. ఈ పరిశోధనలకు 1986లో కోహెన్‌కూ, ఆయనతో కలిసి పనిచేసిన రీటా లెవీ మోంటాల్చినీకీ నోబెల్ బహుమతి వచ్చింది.

కబురు వస్తే సరిపోదు, అందుకునేవాళ్ళు కూడా ఉండాలి. కణం పైపొరలో సగం బయటికి, సగం లోపలికి ఉండే ప్రోటీన్లు ఆ పని చేస్తాయి. వీటిని గ్రాహకాలు, ఇంగ్లీషులో రిసెప్టర్లు అంటారు. మనలో చాలామంది డెల్టా ప్రాంతాల వాళ్ళం కాబట్టి ఒక పోలిక చెబుతాను. కణాన్ని వరిచేను అనుకోండి. వృద్ధి కారకం కాలువలో నీరు. గ్రాహకం చేలోకి నీరు మళ్ళించే తూము. తూము తెరిస్తే చేను తడుస్తుంది, పైరు ఎదుగుతుంది. వంతు అయిపోయాక తూము మూయాలి. మూయకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చేను మునుగుతుంది, పక్క చేనుకు నీరందదు.

గ్రాహకాల్లో ఒక కుటుంబం ఉంది. అందులో నలుగురు అన్నదమ్ములు. మొదటిది ఇ.జి.ఎఫ్. గ్రాహకం. రెండోది హెర్-2. ఈ హెర్-2కి నేరుగా వచ్చి తగిలే వృద్ధి కారకం ఏదీ లేదు. తోటి గ్రాహకాలతో జతకట్టి వాటి బలాన్ని పెంచడం దీని పని. ఇది వేలల్లో ఉన్నంతవరకు మంచిదే. కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద మాత్రం ఇది ఇరవై లక్షల దాకా పెరిగిపోతుంది. 1987లో డెనిస్ స్లామన్ బృందం 189 రొమ్ము కణితులను పరీక్షించి, వాటిలో సుమారు 30 శాతంలో హెర్-2 జన్యువు నకళ్ళు ఎక్కువగా ఉన్నాయని, అలాంటి వారిలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని చూపించింది. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకానివని లెక్క.

తూము మూసేదెవరు?

కాలువల మీద లస్కర్లు ఉంటారు. ఏ తూము ఎంతసేపు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసేది వాళ్ళే. కణంలో కూడా అలాంటి లస్కర్లు కొందరున్నారు. వారిలో ఒకరి పేరు ఎల్‌రిగ్-1. ఇదే ఈ నాటి కథానాయకి.

మూడో క్రోమోజోము పొట్టి భుజం మీద ఉన్న ఈ మానవ జన్యువును స్వీడన్ దేశపు ఉత్తర భాగంలోని ఉమియో విశ్వవిద్యాలయంలో హోకన్ హెడ్‌మన్ బృందం గుర్తించి 2001లో ప్రకటించింది. ఎలుకలో దీని జంట జన్యువును అంతకు కొన్నేళ్ళ ముందే జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మూడో క్రోమోజోములో ఈ జన్యువు ఉన్న ప్రాంతం చాలా రకాల క్యాన్సర్ కణాల్లో ఊడిపోయి ఉంటుందని అప్పటికే తెలుసు. అక్కడ ఏదో అడ్డుకట్ట లాంటి జన్యువు ఉండాలన్న అనుమానం కలగడం సహజమే.

ఇది ఎలా పనిచేస్తుందో 2004లో తేలింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో యోసెఫ్ యార్డెన్ బృందం, కాలిఫోర్నియాలోని డేవిస్‌లో కొలీన్ స్వీనీ, కెర్మిట్ కారవే బృందం, ఎవరికి వారుగా ఒకే సంగతి బయటపెట్టారు. ఎల్‌రిగ్-1 ప్రోటీన్ కణం పైపొరలోనే ఉంటుంది. అది వెళ్ళి గ్రాహకాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని సిబిఎల్ అనే మరో ప్రోటీన్‌ను పిలుస్తుంది. ఆ సిబిఎల్ వచ్చి గ్రాహకానికి యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు తగిలిస్తుంది. మన ఊళ్ళల్లో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేయవలసిన గోడల మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోతారే, అలాంటిదే అనుకోండి. గుర్తు పడిన గ్రాహకాన్ని కణం లోపలికి లాక్కుని, లైసోజోమ్ అనే సంచిలో ముక్కలు చేసి అరిగించేస్తుంది. అంటే మన లస్కరు తూము మూసి ఊరుకోడు, తూమునే పెరికించేస్తాడు. ఈ యుబిక్విటిన్ గుర్తుతో ప్రోటీన్లను నాశనం చేసే పద్ధతిని కనుగొన్నందుకే 2004లో చెకనోవర్, హెర్ష్‌కో, రోజ్ అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతులు రెండున్నాయి. ఒకటి, ఈ లస్కరును పనిలోకి పిలిచేది కాలువ నీరే. ఇ.జి.ఎఫ్. తగిలినప్పుడే కణం ఎల్‌రిగ్-1ను ఎక్కువగా తయారు చేసుకుంటుంది. పెరగమన్న కబురులోనే ఇక చాలు అన్న కబురు కూడా ఇమిడి ఉందన్నమాట. రెండోది, గ్రాహకంతో పాటు ఎల్‌రిగ్-1కీ ఆ ఎర్ర గుర్తు పడుతుంది. అది కూడా ముక్కలైపోతుంది. తన పని చేసి తానూ పోతుంది.

మరి లస్కరు లేకపోతే? జన్యువును తీసేసిన ఎలుకల్లో చర్మం పొలుసులు కట్టి మందంగా పెరిగింది. 2012లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు ఈ జన్యువు లేని ఎలుకల చిన్నపేగు మొదటి భాగంలో కంతులు పుట్టడం చూశారు. రొమ్ము క్యాన్సర్ విషయంలో స్వీనీ బృందం 2008లో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. హెర్-2 ఎక్కువగా ఉన్న కణితుల్లో చాలావాటిలో ఎల్‌రిగ్-1 బాగా తగ్గిపోయి ఉంది. పళ్ళెంలోని కణాలకు దాన్ని తిరిగి ఇస్తే హెర్-2 తగ్గింది, కణాల పెరుగుదల నెమ్మదించింది. ఇంకా ఘోరమేమిటంటే, హెర్-2 అతిగా పనిచేయడం మొదలుపెడితే అదే ఎల్‌రిగ్-1ను అణగదొక్కుతుంది. లస్కరు తగ్గితే తూములు పెరుగుతాయి, తూములు పెరిగిన కొద్దీ లస్కరు ఇంకా తగ్గుతాడు.

మా అక్కయ్య సంగతి

అక్కయ్యకు 2005లోనే గడ్డ చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. అమ్మాయి పెళ్ళి కుదిరింది, అది కానిమ్మని ఎనిమిది నెలలు చీర కొంగు కింద దాచుకుంది. నేను ప్రతి ఆదివారమూ ఫోన్ చేసేవాణ్ణి. "ఎలా ఉన్నావక్కయ్యా?" అంటే "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను, నువ్వెలా ఉన్నావు తమ్ముడూ?" అనేది. పెళ్ళయ్యాక, 2006లో ఆపరేషన్ చేశారు. తర్వాత మూడు మందులు కలిపి కీమోథెరపీ ఇచ్చారు.

ఆ మూడింట్లో ఒకటి మెథోట్రెక్సేట్. ఈ పేరు మన సభల్లో తప్పక చెప్పుకోవలసినది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ దేశంలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందుల కుటుంబం అది. ఆ కుటుంబంలోని అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బును వెనక్కు నెట్టగలిగాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడు సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందులు గొప్పవే, కానీ అవి వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ కొడతాయి. ఏ తూము తెగిందో వాటికి అక్కర లేదు.

తెగిన తూమునే వెతికి పట్టుకునే మందు అప్పటికే వచ్చింది. హెర్-2ను అంటిపెట్టుకుని పనిచేసే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో ఇక్కడ అనుమతి దొరికింది. ఆపరేషన్ అయిన వెంటనే కీమోతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుందని 2005లోనే పెద్ద అధ్యయనాలు చెప్పాయి. అది ఇవ్వాలంటే ముందు కణితిలో హెర్-2 ఎంత ఉందో పరీక్ష చేయాలి. అక్కయ్యకు ఆ పరీక్ష చేయలేదు. ఏ ఆసుపత్రి, ఎందుకు చేయలేదు అన్నది ఇక్కడ ప్రస్తావన కాదు. చేశారా అని నేను అడగలేదు. అదే ప్రస్తావన. హెర్-2 మీద వ్యాసాలు చదివేవాణ్ణి, ఆ కణాలను చేత్తో పెంచేవాణ్ణి, సొంత అక్కయ్య రిపోర్టు పంపించమని అడగలేదు. "పెద్ద డాక్టర్లే చూస్తున్నారు" అని బావగారంటే, ఆయన్ని నొప్పించినట్టవుతుందేమోనని ఊరుకున్నాను.

2008లో జబ్బు కాలేయంలో తిరగబెట్టింది. అప్పుడు పాత కణితి ముక్కను, మైనంలో పోసి దాచిన బ్లాకును, వెతికించి పరీక్ష చేయించాం. హెర్-2 మూడు ప్లస్సులు. అప్పట్లో ట్రాస్టుజుమాబ్ ఒక్క సీసా లక్ష రూపాయలు దాటేది. అందరం తలా కొంత వేసుకున్నాం. మందు పనిచేసింది. పద్నాలుగు నెలల పాటు అక్కయ్య లేచి తిరిగింది. మనవడి అన్నప్రాశన చేసింది. ఆ తర్వాత జబ్బు మందుకు లొంగలేదు.

బావగారి ప్రశ్నకు జవాబు

"ఆ జన్యువు మీ అక్కలో లేదంటావా?" అని కదా ఆయన అడిగింది. ఉంది. మన అందరిలో ఉన్నట్టే ఆమెలోనూ ఉంది. మనిషిలో సుమారు ఇరవై వేల జన్యువులున్నాయి. ఒక కణితిలో ఎల్‌రిగ్-1 తగ్గిందంటే, పుట్టుకతోనే ఆ మనిషిలో లేదని కాదు. ఆ కణితిలోని కణాల్లో, ఆ మనిషి జీవితకాలంలో, అది అణగిపోయిందని. అక్కయ్య కణితిలో అది ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. ఈ రోజుకీ అది ఆసుపత్రుల్లో మామూలుగా చేసే పరీక్ష కాదు.

ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది. మా మేనకోడలి గురించి. తల్లి నుంచి కూతురికి వచ్చే ముప్పు గురించి అడగవలసిన జన్యువులు వేరే ఉన్నాయి. బి.ఆర్.సి.ఎ.-1, 2 అనేవి వాటిలో ముఖ్యమైనవి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. అమ్మాయి నిపుణులతో మాట్లాడి పరీక్ష చేయించుకుంది. ఫలితం ఆమె సొంత విషయం కాబట్టి ఇక్కడ చెప్పను. భయపడుతూ కూర్చోకుండా తెలుసుకుంది, అది చాలు.

"మరి ఆ జన్యువును మందుగా ఇవ్వరా?" అని కూడా బావగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎక్కువైన దాన్ని అణచడం మందులకు తేలిక. తగ్గిన దాన్ని కోట్లాది కణాల్లో ప్రతిదానికీ తిరిగి అందించడం చాలా కష్టం. 2013లో ఎల్‌రిగ్-1 బయటి భాగాన్ని మాత్రమే తీసుకుని ఎలుకల్లోని మెదడు కణితుల మీద ప్రయోగిస్తే అవి బాగా నెమ్మదించాయి. ఆశాజనకమే. కానీ అవి ఎలుకలు. పైగా ఈ లస్కరు అన్నిచోట్లా ఒకేలా ప్రవర్తించడు. 2011లో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికా రోగుల్లో ఎల్‌రిగ్-1 ఎక్కువున్నవారు ఎక్కువ కాలం బతికితే, స్వీడన్ రోగుల్లో సరిగ్గా దానికి విరుద్ధంగా కనబడింది. సైన్సులో ఇలాంటి చిక్కుముడులు మామూలే. అవి విప్పకుండా మందు తయారు కాదు.

అందుకని పేపర్లో ఇలాంటి వార్త చూసినప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది జరిగింది పళ్ళెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? పళ్ళెం నుంచి ఎలుకకు కొన్నేళ్ళ దారి. ఎలుక నుంచి మనిషికి ఇంకా పెద్ద దారి. దారిలో చాలా ఆగిపోతాయి. కానీ ఆ దారి దాటి వచ్చినవి కూడా ఉన్నాయి. ట్రాస్టుజుమాబ్ అలా వచ్చిందే. 2014లో బెంగుళూరులోని బయోకాన్ సంస్థ దానికి సమానమైన మందును మన దేశంలో విడుదల చేశాక ఖరీదూ తగ్గింది.

చేతిలో ఉన్న పని

రేపు రాబోయే మందు సంగతి అలా ఉంచి, ఈ రోజు మన చేతిలో ఉన్నదేమిటో చెప్పి ముగిస్తాను. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ అని తేలితే మూడు పేర్లు అడగండి: ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టిరోన్ గ్రాహకం, హెర్-2. మూడింటికీ పరీక్ష చేశారా, ఫలితం ఏమిటి? దాన్ని బట్టే మందు. రిపోర్టు కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కణితి బ్లాకు ఎక్కడ దాచారో రాసి పెట్టుకోండి. డాక్టరుగారిని అడగడం అగౌరవం కాదు. మంచి డాక్టరు సంతోషిస్తాడు.

అరుగు మీద ఇదంతా విన్నాక మా బావగారు చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. "అయితే మీ అక్కలో లోపమేమీ లేదన్నమాట" అన్నారు. "లేదు బావగారూ. లోపం నాది. నేను రిపోర్టు అడగలేదు" అన్నాను. లెక్కల మాస్టారు కదా, వేళ్ళ మీద లెక్కపెట్టారు. "ఆవిడ చెప్పలేదు. నేను చూపించలేదు. నువ్వు అడగలేదు. మూడు తూములూ మనవే" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి ఆ పేపరు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. "దీన్ని నీ దగ్గరే ఉంచుకో. నలుగురికీ చెప్పు."

అది ఇదిగో, నా జేబులోనే ఉంది.

ఈ రాత్రి మీరు గదికి వెళ్ళాక ఇంటికి ఫోన్ చేస్తారు. అక్కడ తెల్లవారి ఉంటుంది. "అందరూ బాగున్నారా?" అని అడుగుతారు, "బాగున్నాం" అంటారు. అక్కడితో ఆపకండి. అమ్మనో, అక్కనో, వదిననో విడిగా పిలిచి, "ఎక్కడైనా గడ్డ గానీ, మార్పు గానీ తెలుస్తోందా? ఈ మధ్య డాక్టరుకు చూపించుకున్నావా?" అని సూటిగా అడగండి. సిగ్గుపడితే మళ్ళీ అడగండి. నేను ఐదేళ్ళలో సుమారు రెండు వందల యాభై ఆదివారాలు ఫోన్ చేసి ఉంటాను. మొదటి ఎనిమిది నెలల్లో ఒక్కసారి అడిగినా సరిపోయేదేమో.